కంపెనీ భోజనం

ఆ రోజుల్లో జూబ్లీహిల్స్ ఎక్కడానికి ఆటోవాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు. ఎలాగోలా ఎక్కినా, దిగడానికి ఆటోలే ఉండేవి కావు.

ఎనభైల చివర్లో ఒక నిర్మాత నన్ను ఆ కొండమీద గెస్ట్‌హౌస్ గదిలో కూర్చోబెట్టి సినిమాకు మాటలు రాయించుకున్నాడు. తెరమీద పేరు ఇంకొకాయనది. నా పాత్రలు పొద్దస్తమానం మాట్లాడుకునేవి. నాతో మాట్లాడేవాళ్లు కొంచెం తక్కువ. అందుకని ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న స్పానిష్ వాచకం తిరగేసేవాణ్ణి. స్పెయిన్‌లో నాకు అర్జంటు పనేమీ లేదు.

స్పానిష్‌లో కిటికీని వెంటానా అంటారు. మన తలుపుల మీది వెంటిలేటర్ దానికి చుట్టం. రెండూ గాలి అనే అర్థమున్న లాటిన్ మాటకు పుట్టినవే. నా గదికి ఆ చుట్టం ఒక్కటే ఉండేది. ఇంకో రోజు కంపానియేరో అనే మాట తగిలింది. తోడు అని అర్థం. విడదీస్తే, కలిసి రొట్టె తినేవాడు. ఇంగ్లీషు కంపానియనూ, మా సినిమావాళ్లు రోజుకు వందసార్లు అనే కంపెనీ కూడా ఆ రొట్టెలోంచే వచ్చాయి.

ఆ మధ్యాహ్నం కంపెనీ డ్రైవరు యూసుఫ్‌గూడ మెస్సు నుంచి క్యారియర్ తెచ్చాడు. నాకంటే పెద్దవాడు. ఈ సంగతంతా చెప్పి, "కూర్చో అన్నా, ఇద్దరికీ సరిపోతుంది. కంపెనీ అన్నాక కలిసి తినాలట" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ, అప్పటికే రెండో కంచం కడిగి పెట్టాను.

అతను ఆ కంచం వైపు ఒకసారి చూశాడు.

"ఇంట్ల నా కోసం తినకుండ కూసుంటరు సార్. మీరు జర జల్ది తినుండ్రి, క్యారియర్ వాపస్ ఇయ్యాలె."