సిలోన్ చెరిపిన దసరా

నిన్న రేడియో మెకానిక్ దుకాణంలో స్పిరిట్ వాసన తగలగానే మాదన్నపేట ఇంట్లో జరిగిన ఒక దసరా గుర్తొచ్చింది.

పండుగకు పెదనాన్న చెక్క రేడియోను కూడా పూజలో పెట్టేవాళ్ళం. దాన్ని తుడిచే పని నాది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పాట కోసం ఒకసారి నాబ్ తిప్పాను. పెదనాన్న అందరి ముందూ నా చేతి మీద కొట్టాడు.

"ఆడపిల్లకు రేడియో ఏంది? తుడిచేదాంకనే నీ పని" అన్నాడు.

ఆ దసరాకు ఆయన రేడియో మీది స్టేషన్ల ఊర్ల పేర్లున్న అద్దాన్ని ఊడదీసి తుడవమని ఇచ్చాడు. స్పిరిట్ గుడ్డతో లోపలివైపు రుద్ది, ఆయన రోజూ వినే సిలోన్ స్టేషన్ పేరు చెరిపేశాను. పేరు పోతే ఆ స్టేషన్ పలకదనుకున్నాను.

సాయంత్రం సిలోన్ ఎప్పటిలాగే పాడింది. పెదనాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. అక్షరం రాని ఆయన స్టేషన్‌ను చెవితోనే వెతుక్కుంటాడని నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తట్టలేదు.

ఆ రేడియో ఇప్పుడు నాది. నిన్న దానికి పాలిష్ పెడుతూ మెకానిక్ అడిగాడు.

"ఏందమ్మా, అన్ని ఊర్లున్నయ్, సిలోన్ ఒక్కటే లేదు. రాయమంటరా?"

"వద్దు బిడ్డా. అది నేనే తీసేసిన. గట్లనే ఉండనియ్."

పెదనాన్నకు తగలకపోయినా అది నేను కొట్టిన దెబ్బ. దాన్ని మాన్పడం నాకిష్టం లేదు.