సాక్ష్యం చెప్పమని వచ్చిన ఆయమ్మ

మొన్న ఆదివారం కరీంనగర్‌లో, మా అమ్మాయి వాళ్లు వెళ్లే చర్చిలో, పాటలు అయిపోయి అందరూ కూర్చోగానే పాస్టరుగారి భార్య నవ్వుకుంటూ వచ్చి నా చేతిలో మైకు పెట్టి, ఈ వారం మన పెద్దమ్మగారు సాక్ష్యం చెప్తారని ప్రకటించేసింది. అరవై ఐదు దాటినదాన్ని, ముప్పై ఐదేండ్లు నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, స్త్రీల కూడికల్లో గంటల తరబడి వాక్యం చెప్పినదాన్ని, నాకు మైకు కొత్తా, మనుషులు కొత్తా! అయినా సాక్ష్యం అన్న ఆ ఒక్క మాట చెవిన పడేసరికి మైకు మళ్లీ ఆమె చేతిలోనే పెట్టి కూర్చుండిపోయాను. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ఏమైందో దానికి చెప్పాలంటే నలభై ఏండ్లకు పైగా వెనక్కి, ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ దాకా పోవాలి. దానికి అంత తీరిక లేదు, నా ఈడువాళ్లయిన మీకైతే ఉంటుందని ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది కరీంనగర్ దగ్గర పల్లె. బాపు మా ఊరి చర్చి ఊడ్చి, గంట కొట్టి, మిగతా దినాలు కూలికి పోయేవాడు. నర్సు చదువు అయ్యాక నాకు మొదటి ఉద్యోగం ఇచ్చోడ వైపు, రోడ్డు పక్కన ఉన్న ఒక చిన్న క్రైస్తవ ఆసుపత్రిలో దొరికింది. ఇరవై పడకలు, ఒక డాక్టరమ్మ, నలుగురు నర్సులం, ఒక ఆయమ్మ, వెనకవైపు పెంకుల ప్రార్థన మందిరం, అంతే. ఆ ఏడు ఎండకాలం, చల్లారిన భక్తిని రగిలించే ఉజ్జీవ కూటాలు పందిరి వేసి జరిపితే సెలవు పెట్టి వెళ్లాను. అరమనసుతో కాదు, పూర్ణమనసుతో దేవుణ్ని వెంబడించేవాళ్లు లేచి నిలబడండి అని ప్రసంగీకుడు పిలిచినప్పుడు ఆ పందిట్లో అందరికన్నా ముందు లేచింది నేనే. ముందు లేచానన్న సంగతి నాకెంత ముద్దుగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

లేచి ఊరుకున్నానా! జడలో పూలు మానేశాను, గాజులు తీసేశాను, ఆదిలాబాద్ బస్సెక్కి చూసొచ్చే సినిమాలు మానేశాను, చివరికి చాయ కూడా మానేశాను. చాయ మానమని ఏ ప్రసంగీకుడూ చెప్పలేదు, నాకు ప్రాణం గనుక మానేశాను. సెలవుకు ఇంటికి పోతే మా అవ్వ గ్లాసు పట్టుకుని నిలబడి, "గా దేవుడు నిన్ను చాయ తాగొద్దన్నడా బిడ్డా?" అని బిత్తరపోయింది. అవ్వకు ఆత్మీయ విషయాలు తెలియవని జాలిపడ్డాను. ఇరవై రెండేండ్ల వయసులో మనిషికి ఎంత పొగరుంటుందో చూడండి, అదీ భక్తి పేరుతో.

ఆ రోజుల్లో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం అంటే మైకు లేదు, స్టేజీ లేదు, చాపల మీద కూర్చున్నవాళ్లు కూర్చున్న చోటే లేచి, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునేవాళ్లు. ఒక్కో మాటకు వెనక నుంచి ముసలమ్మలు "స్తోత్రం!" అని అందుకునేవాళ్లు. నేను ఒక్క వారం కూడా తప్పేదాన్ని కాదు. మా ఆయమ్మ మాత్రం లోపలికి వచ్చేది కాదు. ఆమె ఇచ్చోడలో మసీదు వెనక గల్లీలో ఉండే తురకామె, భర్త పోయిన మనిషి, నాకు అమ్మ వయసు. మేమంతా ప్రార్థనలో ఉంటే వార్డులో ఎవరైనా పిలుస్తారేమోనని మందిరం మెట్ల మీద కూర్చుని ఒక చెవి అటు, ఒక చెవి ఇటు పెట్టేది. అలా మేము చెప్పే సాక్ష్యాలన్నీ ఆమె విన్నదన్న సంగతి మాకెప్పుడూ తట్టలేదు.

ఆదిలాబాద్ చలి మీకు తెలియంది కాదు. ఆ చలికాలంలో ఒకనాడు కాన్పు కష్టమై ఆపరేషన్ చేసి బిడ్డను తీసిన బాలింతను వార్డుకు తెచ్చారు. వెన్నుకు మత్తుమందు ఇచ్చారు గనుక నడుము కింద ఆమెకు స్పర్శ లేదు, పైన మాత్రం గజగజ వణుకుతోంది. కాళ్ల దగ్గర వేడినీళ్ల రబ్బరు సంచి పెట్టమని డాక్టరమ్మ మా అందరికీ కలిపి చెప్పి వెళ్లింది. ఆయమ్మ వంటింట్లో నుంచి మరిగిన నీళ్లు తెచ్చి ఇచ్చింది, నేను సంచిలో పోశాను. దానికి తువ్వాలు చుట్టి పెట్టాలి. అది నర్సు చదువులో మొదటి నెలలో నేర్పే పాఠం. తువ్వాలు బయట తీగ మీద ఆరుతోంది. సరిగ్గా అప్పుడే మధ్యాహ్న ప్రార్థన గంట కొట్టారు. ఆ రోజు పాట ఎత్తుకోవలసింది నేను, పూర్ణమనసుతో వెంబడించేదాన్ని ప్రార్థనకు ఆలస్యంగా పోతానా! సంచిని అట్లాగే పాదాలకు ఆనించి, పైన కంబళి కప్పి, పరుగెత్తాను.

అరగంట తర్వాత తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ కంబళి ఎత్తి నిలబడి ఉంది. బాలింత కుడిపాదం మీద అరచేయంత బొబ్బ. ఆమెకు నొప్పి తెలియదు, పక్కనున్న బిడ్డను చూసుకుంటూ మాకేసి నవ్వుతోంది. "ఎవరు పెట్టారిది?" అని డాక్టరమ్మ అడిగింది. ఆమెది కోస్తా, గొంతు పెద్దది. ఆ క్షణాన ఇంకో పడకకు తెచ్చిన వేడినీళ్ల గిన్నె చేత పట్టుకుని ఆయమ్మ అక్కడే ఉంది. అందరి చూపూ ఆ గిన్నె మీదికే పోయింది. "నేన్ పెట్టలేదమ్మా" అని ఆయమ్మ రెండుసార్లు అన్నది. చదువుకున్న నర్సు ఇలాంటి పని చేయదు, నువ్వు కాకపోతే ఇంకెవరు, రేపటి నుంచి రావద్దు అన్నది డాక్టరమ్మ. ఆయమ్మ నావైపు చూసింది. నేను మంచానికి వేలాడే కాగితం చేతిలోకి తీసుకుని, అందులో ఏదో గొప్ప సంగతి ఉన్నట్టు చదువుతూ నిలబడ్డాను.

ఒక్క మాట. "నేను పెట్టానమ్మా" అంటే అయిపోయేది. పూలు, గాజులు, సినిమాలు, చాయ అన్నీ దేవుడి కోసం వదిలిన దాన్ని ఆ ఒక్క మాట దగ్గర నోరు పెగలక చచ్చాను. ఉద్యోగం పోతుందని భయం, అంతకన్నా ఎక్కువ, ఆ నర్సు ఎంత భక్తిపరురాలో అనుకునే వాళ్లందరి ముందూ పరువు పోతుందని భయం. ఆ తర్వాత ప్రతిరోజూ ఆ పాదానికి కట్టు నేనే కట్టాను. ఆ బాలింత తల్లి నా చేతులు పట్టుకుని నువ్వు బంగారు తల్లివి, గా కాలు కాల్చినదాని చేతులు పడిపోను అంటుంటే తలొంచుకుని దూది చుట్టాను. ఇంతకన్నా ఘోరం ఇంకొకటుంది. ఆ ఆదివారం కూడా లేచి సాక్ష్యం చెప్పాను! ఈ వారమంతా దేవుడు నన్ను కాపాడాడు అన్నాను. స్తోత్రం అన్నారు. నా గొంతు ఇంతైనా వణకలేదు. మెట్ల మీద ఎవరూ లేరు.

ఆయమ్మ పని పోయిన తొమ్మిదో నాటి పొద్దున, నేను డ్యూటీకి బయల్దేరుతుంటే మా గది ముందు మెట్టు మీద ఆయమ్మ కూర్చుని ఉంది. మనిషి సగమైంది. అంగడికి పోతే కాలు కాల్చినామె అచ్చిందని అంటున్నారట, కూతురి అత్తగారింటి దాకా పోయిందట ఆ మాట. పని కోసం రాలేదని, ఇంకెక్కడైనా చేసుకుంటానని ముందే చెప్పేసి, ఆ పైన నెమ్మదిగా అన్నది: "సిస్టరమ్మా, నువ్వు ఐతారమైతారం సాక్ష్యం చెప్తవు గదా. డాక్టరమ్మ కాడ నా కోసం జర ఒక్కపారి చెప్పు."

ఈ పిచ్చి మనిషి మందిరంలో చెప్పే సాక్ష్యాన్ని కోర్టులో చెప్పే సాక్ష్యం అనుకుంటున్నదే అని తోచింది. అప్పుడు కూడా చూడండి నా బుద్ధి! ఆమెకు తేడా వివరించడం మొదలుపెట్టాను. అది వేరు ఆయమ్మా, అది దేవుడు మనకు చేసినవి చెప్పుకోవడం అన్నాను. ఆమె అయోమయంగా చూసి, "సాక్ష్యమంటె గవాహీ గాదా? గవాహీ ఎవలన్న తన కోసం తనే చెప్పుకుంటరా? పక్కోళ్ల కోసం చెప్తరు గని" అన్నది. జవాబు దొరకని క్రైస్తవులు ఏమంటారో నేనూ అదే అన్నాను, నీ కోసం ప్రార్థన చేస్తాను అని. ఆమె కొంగు దులుపుకుని లేచి, "దువా మా ఇంట్ల మేం చేసుకుంటున్నం సిస్టరమ్మా. నీతోని నాకు గవాహీ కావాలె" అని చెప్పి వెళ్లిపోయింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. సాక్ష్యాల సమయం రాగానే లేచాను. డాక్టరమ్మ ముందు చాప మీదే ఉంది. గోడ పట్టుకుని, ఆ బాలింత కాలు కాల్చింది నేనే అన్నాను. వెనక నుంచి ఒక ముసలమ్మ అలవాటు కొద్దీ "స్తోత్రం!" అన్నది. తువ్వాలు సంగతి, గంట సంగతి, ఆయమ్మ నావైపు చూస్తే నేను కాగితం చదివిన సంగతి, అన్నీ చెప్పి కూలబడ్డాను. పాస్టరుగారు ఏ పాట ఎత్తుకోవాలో తెలియక పుస్తకం తిరగేస్తూ ఉండిపోయారు. డాక్టరమ్మ మాత్రం లేచి నా దగ్గరికి వచ్చి, పెద్ద గొంతు పూర్తిగా తగ్గించి, ముందు వెళ్లి ఆమెను తీసుకురా, నీ సంగతి తర్వాత చూస్తాను అన్నది. ఆ తర్వాత మూడు నెలలు నన్ను వార్డులోకి రానివ్వలేదు, దుప్పట్లు ఉతికించింది. దానికి ముందు చివరిసారి కట్టు కట్టించి, బాలింత తల్లికి కూడా నా నోటితోనే చెప్పించింది. ఆ తల్లి నా చేతిలో ఉన్న కూతురి పాదాన్ని మెల్లగా వెనక్కి లాక్కుంది. తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారమే మసీదు వెనక గల్లీకి పోయాను. ఆయమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నిలబడే చెప్పేశాను, చేసింది నేనే ఆయమ్మా, ఇవాళ అందరి ముందు ఒప్పుకున్నాను అని. ఆమె చెయ్యి ఆగనైనా ఆగలేదు. "నాకెరుకే" అన్నది.

ఎట్లా తెలుసని అడిగాను.

"గా తువ్వాల తీగె మీద ఆరేసింది నేనే. నువ్వు ఉత్త సంచి పట్టుకపోంగ కిడికీలకెంచి చూసిన."

మరి ఆనాడే డాక్టరమ్మతో ఎందుకు చెప్పలేదని ఏడుస్తూ అడిగాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నేన్ చెప్తె కొట్లాటైతది. నువ్వు చెప్తెనే గవాహీ ఐతది. ఇయ్యాల గాకపోతె రేపన్న చెప్తవనుకున్న, అందుకే యాది చేద్దామని అచ్చిన" అన్నది. పిచ్చి మనిషి అనుకున్నానే, అమాయకురాలికి తేడా వివరించానే! నేను చేసిందంతా తెలిసి కూడా, నా మెట్టు మీద కూర్చుని, నా పేరెత్తకుండా, నన్ను నిలదీయకుండా, నా దేవుడి దగ్గర నేను వాడే మాటతోనే నన్ను పిలిచింది. పందిట్లో ప్రసంగీకుడు పిలిస్తే లేచాననుకున్నాను గానీ నేను నిజంగా లేచింది ఆమె పిలిస్తేనే. మరునాడు ఆయమ్మ పనికి వచ్చింది. నేను ఆ ఊరు వదిలేదాకా ఒక్కసారైనా ఆ మాట ఎత్తలేదు. ఇద్దరం కలిసి చాయ తాగేవాళ్లం.

ఆమె పోయి చాలా ఏండ్లయిందని తర్వాతెప్పుడో తెలిసింది. ఇప్పుడు చర్చిలన్నీ పెద్దవయ్యాయి, చల్లగా ఉండటానికి తలుపులు బిగించి ఆరాధన చేస్తారు, మేలులు కూడా పెద్దవయ్యాయి, వీసాలు, ఫ్లాట్లు, పిల్లల సీట్లు. వినేదంతా మనవాళ్లే, వీధిలో పోయేవాళ్లకు పాట చప్పుడు కూడా వినపడదు. లోపల మనం చెప్పుకున్న మాటను పట్టుకుని, సోమవారం మన గుమ్మంలోకి వచ్చి, ఏదీ నా కోసం ఒక్కసారి చెప్పు అని అడిగే పరాయి మనిషి ఇప్పుడు ఎవరికున్నారు? నలభై ఏండ్లుగా నన్నైతే ఎవరూ అలా అడగలేదు. ఆ తర్వాత నేనేమీ తప్పులు చేయలేదని కాదు. చేశాను, కొన్ని ఇంకా లోపలే ఉన్నాయి. వాటి కోసం మాత్రం ఎవరూ రావడం లేదు.