ఏడు నిమిషాల నార్బర్ట్

నార్బర్ట్ డెల్‌సార్ట్ పడవలో ఏ గాలమూ ఏడు నిమిషాలకు మించి నీళ్ళలో ఉండదు. చేపకు తగులుకోవాలని ఉంటే ఆ ఏడు నిమిషాల్లోనే తగులుకోవాలి. ఎనిమిదో నిమిషంలో తీరిగ్గా వచ్చిన చేపకు అక్కడ గాలమూ కనబడదు, తాడూ కనబడదు. పైనుంచి "లాగేయ్, లాగేయ్, ఇక్కడ కాదు!" అన్న కేక మాత్రం వినబడుతుంది.

ఆ కేక మా ఆల్గోమా రేవులో అందరికీ తెలుసు. మిషిగన్ సరస్సు మీద పొగమంచు పట్టి పడవకు పడవ కనబడని రోజుల్లో కూడా నార్బర్ట్ ఎటున్నాడో చెవులతో చెప్పేయొచ్చు. నేను ఆ పడవలో పదకొండు వేసవులు పనిచేశాను. పనిచేశాననే అంటాను. చేపలు పట్టడానికి వెళ్ళాననడానికి నోరు రాదు.

పడవ పేరు 'వెర్నా రెండు'. మొదటి వెర్నా ఆయన భార్య.

వేసవిలో పైనీళ్ళు వెచ్చబడగానే సాల్మన్లు అడుగున చల్లటి పొరలోకి దిగిపోతాయి. వాటి దాకా గాలం దించడానికి మా దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి సీసపు తాడు. అల్లిన నైలాన్ గొట్టంలో సన్నటి సీసపు తీగ ఉంటుంది, దాని బరువుకి అదే మునుగుతుంది. ముప్పై అడుగులకోసారి రంగు మారుతుంది కాబట్టి మేం అడుగులు లెక్కపెట్టం, రంగులు లెక్కపెడతాం. రెండోది డౌన్‌రిగ్గర్. పడవ వెనకంచున బిగించిన గిలక అది. దాని ఉక్కు తీగ చివర దానిమ్మకాయంత సీసపు గుండు వేలాడుతుంది, బరువు ఐదున్నర కిలోలు. గాలపు తాడును గుండు దగ్గరి క్లిప్పులో ఇరికించి కిందికి దించుతాం. చేప లాగగానే తాడు క్లిప్పులోంచి టప్పున ఊడుతుంది.

బుద్ధిమంతులు రెంటిలో ఏదో ఒకటి వాడుకుంటారు. నార్బర్ట్ రెంటికీ పెళ్ళి చేశాడు. ముందు మూడు రంగుల సీసపు తాడు వెనక్కి వదలాలి. దాని తర్వాత వచ్చే మామూలు సన్నతాడును క్లిప్పులో పెట్టాలి. అప్పుడు గుండు యాభై అడుగులు దించాలి. సీసపు తాడు గుండుకన్నా ఇంకా లోతుకు వంగి, చివరనున్న, చేపను మభ్యపెట్టే మెరుపురేకును చేపల మధ్యకు తీసుకుపోతుంది. పొరపాటున సీసం ఉన్న భాగాన్నే క్లిప్పులో ఇరికిస్తే లోపల తీగ నలిగి విరుగుతుంది. అప్పుడు ఆ ముక్క కోసి, గొట్టంలోంచి సీసం పీకి, ఖాళీ గొట్టంతో కొత్త ముడి వెయ్యాలి. ఇదంతా ఊగే పడవలో, నార్బర్ట్ అరుపుల మధ్య.

"ఒరేయ్ రోలండ్! ఆ ఎడమ గాలపు కర్ర ఎంతసేపయింది?"

"ఇప్పుడేగా వేశాను! చేతులింకా ఆరలేదు."

"ఏడు నిమిషాలయింది. లాగేయ్. ఇక్కడ కాదు."

"మరెక్కడ?"

"అది చేపలకి తెలియాలి. నువ్వు మాట్లాడుతుంటే ఎనిమిదవుతోంది!"

లాగుతాను. ఆకుపచ్చ రేకు తీసి నీలం రేకు కడతాను. మూడు రంగులు వదులుతాను, క్లిప్పులో పెడతాను, గుండు దించుతాను. నడుం నిటారు చేసేలోపు కుడి కర్రకు ఏడు నిమిషాలు నిండుతాయి. మళ్ళీ నీలం తీసి ఆకుపచ్చ.

పక్క పడవల వాళ్ళకు మేం రేడియో నాటకం.

"నార్బర్ట్, నీ గుండు ఎంత లోతులో ఉంది?" అని వాళ్ళలో డ్వేన్ మైకులో అడిగేవాడు.

"యాభై అడుగులు."

"అది కాదయ్యా, నీ సొంత గుండు."

నార్బర్ట్ తలమీద టోపీ సర్దుకుని, "దాని మీద చేపలు పడవు. నీ నోట్లో ఈగలు పడకుండా చూసుకో," అనేవాడు. ఆ చివరి మాట పూర్తికాకముందే నా వైపు తిరిగి, "కుడి కర్ర!" అనేవాడు.

ఒకసారి మా చర్చి ఫాదర్ క్లెమెంట్‌ను ఎక్కించుకున్నాడు. పాపం, ఆయన ప్రార్థన పుస్తకం తెచ్చుకున్నాడు. పుస్తకం సంచీలోంచి బయటికే రాలేదు.

"ఫాదర్, ఆ ఎర్ర కర్ర లాగండి."

"ఇప్పుడే కదా నాయనా దించాం?"

"లోతు తప్పింది ఫాదర్. రంగులు లెక్కపెడుతూ లాగండి, మూడో రంగు దగ్గర తడబడకండి."

మధ్యాహ్నానికి ఆయన తెల్లటి వేళ్ళు సీసపు మసితో నల్లబడ్డాయి. ఆ ఆదివారం గుడిలో, "నరకంలో మంటలుంటాయని ఇరవై ఏళ్ళుగా మీకు చెబుతున్నాను. నా పొరపాటు. అక్కడ గాలాలుంటాయి," అన్నాడు. గుడి గుడంతా వెనక వరుసలో కూర్చున్న నార్బర్ట్ వైపు తిరిగింది. ఆయన మాత్రం గంభీరంగా తలూపాడు.

ఇంత హడావిడిలోనూ మాకు చేపలు పడలేదా అంటే పడేవి. సరస్సులో సాల్మన్లు బోలెడు. వాటిలో కంగారు మనుషుల్లాంటి కంగారు చేపలూ కొన్ని ఉంటాయి. అవి మా ఏడు నిమిషాల్లో దొరికిపోయేవి.

ఇలా పదకొండేళ్ళు గడిచాక, ఓ జులై శనివారం నా మనవరాలి పుట్టినరోజుకి మిల్వాకీ వెళ్ళాల్సి వచ్చింది. "ఈ వారం నేను రాను," అని నార్బర్ట్‌కు చెప్పేశాను. తీరా ఆ పిల్లకి ఆటలమ్మ పోసి ప్రయాణం ఆగిపోయింది. పొద్దున్నే రేవుకి వెళితే 'వెర్నా రెండు' అప్పటికే వెళ్ళిపోయింది. డ్వేన్ తన పడవ ఎక్కమన్నాడు. ఎక్కాను. నాలుగు గాలాలు వేసి డ్వేన్ కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. చేతులేం చేసుకోవాలో తోచలేదు.

ఎనిమిదింటికి దూరంగా 'వెర్నా రెండు' కనబడింది. కేక మాత్రం వినబడటం లేదు.

"ఒంట్లో బాగోలేదేమో," అన్నాను.

డ్వేన్ దుర్భిణీ తీసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా చేతికిచ్చాడు.

నార్బర్ట్ కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఒళ్ళో సాండ్‌విచ్. రెండే రెండు గాలాలు. పావుగంట చూశాను, కదల్లేదు. అరగంట చూశాను, సాండ్‌విచ్ అయిపోయింది గాని మనిషి కదల్లేదు. ముప్పావుగంటకు ఒక కర్ర జివ్వున వంగింది. నార్బర్ట్ నింపాదిగా లేచి, నింపాదిగా చుట్టి, నా తొడంత సాల్మన్‌ని వలలోకి తీసి, మంచుపెట్టెలో పెట్టి, మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూలబడ్డాడు.

"నీతో ఉన్నప్పుడేం రోగం ఇతనికి?" అన్నాడు డ్వేన్.

నాకు మండిపోయింది. పదకొండేళ్ళు! ఎన్ని వేలసార్లు లాగానో, ఎన్ని వందల ముళ్ళు వేశానో! ఒడ్డు చేరగానే నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. వెర్నా వరండాలో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"మీ ఆయన కూర్చోగలడని నాకెందుకు చెప్పలేదు?"

"కూర్చోవడమా?" వెర్నా కత్తి పక్కన పెట్టింది. "రోలండ్, ఇంట్లో ఆయన్ని కదిలించాలంటే కింద జాకీ పెట్టాలి. మొన్న వంటింట్లో పొగొస్తుంటే, అది ఆరుతుందో లేదో చూసి లేద్దామన్నాడు."

"మరి పడవలో?"

ఆవిడ లోపలికి కేకేసింది. "నార్బర్ట్! దొరికిపోయావు, బయటికి రా!"

నార్బర్ట్ వచ్చాడు. నా మొహం చూశాడు. వరండా మెట్టు మీద మెల్లగా కూర్చున్నాడు.

"నువ్వు మొదటిసారి పడవెక్కినప్పుడు ఎలా ఉన్నావో గుర్తుందా?" అన్నాడు.

"ఎలా ఉన్నాను?"

"నీ గుండెలో ఏదో చిన్న తేడా ఉందని డాక్టర్ చెప్పిన వారం అది. ఏమీ కాదని కూడా ఆయనే చెప్పాడు. నువ్వు మొదటిదే విన్నావు. కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీద పెట్టుకుని రేవంతా తిరిగేవాడివి. చర్చిలో అలాగే, బజార్లో అలాగే. మాట్లాడుతూ మాట్లాడుతూ నాడి లెక్కపెట్టుకునేవాడివి. ఇతనికి రెండు చేతులూ కావాల్సిన పని ఏదైనా ఇస్తే ఆ మణికట్టు వదులుతాడు కదా అనుకున్నాను. నాకు తెలిసినంతలో సీసపు తాడు, డౌన్‌రిగ్గర్ కలిపి కట్టడాన్ని మించి చేతులు పట్టే పని లేదు."

నేను కిందికి చూసుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పుడు కూడా నా వేళ్ళు మణికట్టు మీదే ఉన్నాయి. తీసేశాను.

"ఒక్క వేసవి చాలదా? పదకొండేళ్ళా?"

"ప్రతి ఏప్రిల్లో ఊరికే కూర్చోబెట్టి చూస్తాను. రేవు దాటకముందే మొదలెడతావు."

ఫాదర్ క్లెమెంట్ సంగతి అడిగాను. ఆ వారమే ఆయన గుడిని పక్కూరి గుడిలో కలిపేస్తున్నట్టు బిషప్ గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందట. ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేక ఒక్కడే చర్చి చుట్టూ తిరుగుతుంటే నార్బర్ట్ చూశాడట. నార్బర్ట్ ఏమీ అడగలేదట, ఫాదర్ ఏమీ చెప్పలేదట. ఆరు గంటలపాటు రంగులు లెక్కపెట్టి ఆ రాత్రి నిద్రపోయాడట.

"ఏడు నిమిషాలే ఎందుకు?" అన్నాను.

"దిగులు పైకి రావడానికి పది పడుతుంది," అన్నాడు నార్బర్ట్. "నేను కొలిచాను."

నేను వెళ్ళబోతుంటే వెనక నుంచి పిలిచాడు. "మంగళవారం లియాన్ బోడార్ట్ వస్తున్నాడు. నువ్వూ రా."

"లియానా? వాడికి నీళ్ళంటే పడదుగా. వాడికి తెలిసిందల్లా ఆవులే."

"మంగళవారం పదింటికి లారీలొస్తాయి," అన్నాడు నార్బర్ట్.

నాకు ఆ మాట చాలు. లియాన్‌కి అరవై రెండు ఆవులు. నలభై ఒక్క ఏళ్ళు రోజుకి రెండుసార్లు పాలు పితికిన మనిషి. మోకాళ్ళు పనికిరాకుండా పోయి, పిల్లలు లేక, మంద మొత్తాన్నీ వేరే జిల్లా రైతుకి ఇచ్చేస్తున్నాడు. "ఆయన చూడలేడు, ఎటైనా తీసుకుపోండి," అని అతని భార్య ఆగ్నెస్ వెర్నాకి ఫోన్ చేసిందట.

మంగళవారం లియాన్ పాలకొట్టం బూట్లతోనే పడవెక్కాడు. నార్బర్ట్ మొదలెట్టాడు. "లియాన్, మూడు రంగులు వదులు. అది కాదు, సన్నతాడు క్లిప్పులో పెట్టు. గుండు దించు. లాగేయ్, ఇక్కడ కాదు!" లియాన్ చెప్పినట్టల్లా చేశాడు. పెద్ద పెద్ద చేతులు, కానీ ముడి ఒక్కసారికే నేర్చుకున్నాడు. చేసిన ప్రతిసారీ చేతి గడియారం మాత్రం చూసుకునేవాడు.

తొమ్మిదీ ముప్పావయింది. నార్బర్ట్ అరుపులు పనిచెయ్యడం మానేశాయి. లియాన్ చేతిలో తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, ఒడ్డు వైపు చూస్తూ. నార్బర్ట్ "కుడి కర్ర" అన్నాడు. లియాన్ వినలేదు. నార్బర్ట్ నా వైపు చూశాడు. ఆయన దగ్గర మందు అయిపోయినట్టు నేను చూడటం అదే మొదటిసారి.

చుక్కాని నా చేతిలో ఉంది. ఏమనుకున్నానో నాకే తెలియదు, ఎడమకి గట్టిగా తిప్పేశాను. సీసపు తాళ్ళు నీళ్ళలో ఉండగా అలా తిప్పకూడదని మా రేవులో నడక నేర్చిన ప్రతివాడికీ తెలుసు. రెండు సీసపు తాళ్ళూ ఒకదానికొకటి పెనవేసుకుని, రెండూ కలిసి ఉక్కు తీగకు చుట్టుకున్నాయి.

"ఏం పని రోలండ్ అది!" నార్బర్ట్ నిజంగానే అరిచాడు. తర్వాత నా మొహం చూశాడు. వెంటనే గొంతు మార్చేశాడు. "అయ్యో అయ్యో! లియాన్, గబగబా రా, ఇది నీలాంటి చేతులుంటే గాని విడదు!"

గుండు పైకి లాగితే కాకిగూడంత చిక్కు వచ్చింది. లియాన్ దాని ముందు బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూస్తేనే తెలిసింది, జీవితమంతా అలాగే కూర్చున్నాడని. నలిగిన చోటల్లా కోసి, గొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టి కిందికి దువ్వుతుంటే సీసం తీగ సాఫీగా జారి వచ్చింది. మాకు అయిదు నిమిషాలు పట్టే పని ఒక్క లాగుకి అయిపోతోంది.

తల ఎత్తేసరికి పదకొండూ ఇరవై.

"వెళ్ళిపోయుంటాయి," అన్నాడు లియాన్.

లియాన్ చివరి ముడిని బిగించాడు.

"పడమటి గాటి దగ్గరుండే మచ్చలది ఊరికే లారీ ఎక్కదు. చెవి వెనక గోకాలి."

"ఆగ్నెస్ గోకే ఉంటుంది," అన్నాడు నార్బర్ట్ మెల్లగా.

"ఆఁ. దానికి తెలుసు." లియాన్ చిక్కు విడదీసిన గాలాన్ని తనే నీళ్ళలోకి వదిలాడు. మూడు రంగులు, క్లిప్పు, గుండు. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

నాలుగో నిమిషంలో క్లిప్పు టప్పుమంది. కర్ర నీళ్ళ దాకా వంగింది. సాల్మన్ తాడును గుంజుకుపోతుంటే లియాన్ కర్రను పొట్టకి ఆనించి, నాకు తెలిసి ఏ జాలరీ ఎప్పుడూ అనని మాట అన్నాడు.

"హో... హో... నిదానం తల్లీ, నిదానం. ఎక్కడికీ పోవులే."

చేప నిలబడింది! ఒట్టేసి చెబుతున్నాను. నార్బర్ట్ వల పట్టుకుని నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఇరవై నిమిషాల తర్వాత పది కిలోల సాల్మన్ పడవలోకి వచ్చింది. లియాన్ దాని మీదికి వంగి, తల మీద చెయ్యేసి, "మంచి పిల్ల," అన్నాడు. తర్వాత మా వైపు తిరిగాడు. "మీరిద్దరూ రేపు ఎన్నింటికి వస్తారు?"

అక్కడితో మా కథలు మారిపోయాయి. లియాన్‌కి నాలుగింటికే మెలకువ. మేం రేవుకి చేరేసరికి మంచుపెట్టె కడిగి, తాళ్ళన్నీ సరిచూసి, గిలకలకు నూనె రాసి సిద్ధంగా ఉండేవాడు. పగలు ఒక విడత చాలదు, సాయంత్రం రెండో విడత కూడా వెళ్ళాలనేవాడు. నార్బర్ట్ "ఇవాళ కాస్త కూర్చుందామోయ్" అంటే, "వేళ తప్పితే ఆవుల్లాగే చేపలూ చెడిపోతాయి" అనేవాడు. ఆగస్టుకల్లా నార్బర్ట్ మూడు కిలోలు తగ్గాడు. వెర్నా ఆయన పాత ప్యాంట్లకు నడుం కుట్టి బిగించింది. నేను మణికట్టు పట్టుకోవడం పూర్తిగా మరిచిపోయాను, చేతులు అంతగా నొప్పిపెట్టేవి.

అక్టోబరు చివర్లో పడవను ట్రైలరు మీదికి లాగి, నీలం గుడ్డ కప్పాం. నార్బర్ట్ తృప్తిగా ఒళ్ళు విరుచుకున్నాడు. ఏప్రిల్ దాకా ఆయనకు కుర్చీ, దుప్పటి, పొయ్యి.

లియాన్ తాడు చివర ముడేసి లేచాడు. చేతులు తుడుచుకున్నాడు. కాసేపు ఆ చేతుల్నే చూసుకున్నాడు.

"నార్బర్ట్," అన్నాడు. "జనవరిలో మన పక్కన గ్రీన్‌బే అఖాతం గడ్డకడుతుందటగా. మంచుకి కన్నంపెట్టి చేపలు పడతారటగా. నిజమేనా?"

నార్బర్ట్ నా వైపు చూశాడు. నేను సరస్సు వైపు చూశాను. పొయ్యి, దుప్పటి, కుర్చీ, మూడూ ఆయన కళ్ళముందునుంచి వరసగా వెళ్ళిపోవడం నాకు స్పష్టంగా కనబడింది.

"నిజమే," అన్నాడు నార్బర్ట్. "కానీ ఒక్క కన్నంతో అవదు లియాన్. చాలా పెట్టాలి."