విడోసన్ గారి దారం చూపులు

క్లారెన్స్ విడోసన్ గారు తాగరు, పేకాడరు, చర్చిలో ప్రసంగం జరుగుతుండగా నిద్రపోరు. లోకంలో ఇన్ని దురలవాట్లు అందుబాటులో ఉండగా ఆయన ఏరికోరి ఒక్కదాన్నే పట్టుకున్నారు. అది గాలానికి దారం ఎంచుకోవడం. కొనడం కాదు సుమండీ. కొనడం ఎవరైనా కొంటారు. ఆయన ఎంచుకుంటారు. శనివారం వచ్చిందంటే చాలు, ఎనిడ్ టాగ్ గారి గాలాల కొట్టు మెట్లెక్కి, కోటు జేబులోంచి ఒక ఊలు మేజోడు తీసి, అందులోంచి ఖాళీ రీలు తీసి బల్లమీద పెట్టి, అప్పుడు టోపీ తీసేవారు.

"ఏం తల్లీ, దీనికో దారం కావాలి."

"పోయినవారం చూపించినవేవీ నచ్చలేదా విడోసన్ గారూ?"

"నచ్చలేదని నేనన్నానా? తొందరపడకూడదన్నాను."

ట్రెంట్ నది ఒడ్డున ఉన్న హేవర్బీలో మగవాళ్ళు పెళ్ళాన్ని రెండు డాన్సుల మధ్య ఎంచుకుంటారు. ఇంటిని వాన వెలిసిన పూట చూసి ఎంచుకుంటారు. విడోసన్ గారు ఈ రెండు పనులూ అలాగే చేశారు, రెంటికీ ఇంతవరకు విచారించలేదు. దారం విషయంలో మాత్రం రెండేళ్ళుగా సంబంధాలు చూస్తూనే ఉన్నారు.

ఆ రీలు సెంటర్‌పిన్ రకం. మధ్యలో ఇరుసు, దానిమీద చక్రం, అంతే. బెండును నీళ్ళలో వేస్తే ప్రవాహం దాన్ని తీసుకుపోతుంది, బెండు దారాన్ని లాగుతుంది, దారం చక్రాన్ని తిప్పుతుంది, పట్టేవాడు బొటనవేలు చక్రం అంచుకు ఆనించి పెద్దమనిషిలా నుంచుంటాడు. చూసేవాళ్ళకి ఏ కష్టమూ లేని సంసారం. దారం కుదరకపోతే అసలు రంగు బయటపడుతుంది. సన్నదైతే గాలికి ఎగిరి చక్రం వెనక దూరుతుంది. మందమైతే బెండును కదలనివ్వదు. బిరుసుదైతే చుట్టలు చుట్టలుగా లేచి అత్తగారిలా ప్రతిదానికీ అడ్డం తగులుతుంది. మునిగేదైతే ఇక చెప్పక్కర్లేదు.

ఇవన్నీ ఎనిడ్‌కి మొదట్లో తెలియవు. కొట్టు ఆమె భర్త రాల్ఫ్‌ది. ఆమె బడి వంటశాలలో పాతికేళ్ళు గరిటె తిప్పింది, నది మొహం చూడలేదు. రాల్ఫ్ ఒక మార్చి నెలలో హఠాత్తుగా పోయాడు. కొట్టు అమ్మెయ్యమని నలుగురూ చెప్పారు. నలుగురు చెప్పారు కాబట్టే ఆమె అమ్మలేదు.

తలుపు తెరిచిన మొదటి వారంలోనే ఊరి గాలాల క్లబ్బు కార్యదర్శి లయొనెల్ ప్రీస్ట్‌నాల్ వచ్చి తన సెంటర్‌పిన్‌కి మంచి దారం ఇమ్మన్నాడు. వంటశాలలో మంచిదంటే ఖరీదైనదని అర్థం. ఎనిడ్ కొట్టులోకెల్లా ఖరీదైనది తీసింది. అది తలవెంట్రుకంత సన్నం. చుట్ట మొత్తం చక్రం అంచుదాకా, కూజాలో పాలు పోసినట్టు, నింపి ఇచ్చింది. మర్నాడు ప్రీస్ట్‌నాల్ గాలానికి ఆ ఏటికే పెద్ద చబ్ చేప పడింది. అదే క్షణంలో గాలి వీచింది. దారం చక్రం వెనక్కి దూరి ఇరుసుకి చుట్టుకుంది. చేప తన దారిన తాను వెళ్ళింది. ప్రీస్ట్‌నాల్ ఊరంతటికీ చెప్పడానికి వెళ్ళాడు.

ఆ తర్వాత ఎనిడ్‌కి పాఠం చెప్పడానికి చాలామంది మగవాళ్ళు వచ్చారు. "చూడమ్మా, దారమంటే..." అని మొదలుపెట్టిన ప్రతివాడికీ ఆమె తలుపు చూపించింది. ఒకాయనకి తలుపుతో పాటు చీపురు కూడా చూపించిందని చెప్పుకుంటారు.

సరిగ్గా అప్పుడే దాపురించారు విడోసన్ గారు. ఆయన పాఠం చెప్పలేదు. ట్రెంట్ ఒడ్డున అంత అజ్ఞాని మరొకడు లేడన్నట్టు బల్లకి మోచేతులాన్చి అడిగారు.

"ఇది తేలుతుందా తల్లీ, మునుగుతుందా?"

"డబ్బామీద రాసి ఉంటుంది, చదువుకోండి."

"డబ్బామీద మనిషి తనకి తోచింది రాస్తాడు. దారానికేం తోస్తుందో?"

ఎనిడ్ పళ్ళు కొరుక్కుని, బిషప్ అనే తన పిల్లి నీళ్ళగిన్నెలో జానెడు దారం వేసింది. ముగ్గురూ వంగి చూశారు. అది మునిగింది. బిషప్ చాలా అవమానంగా భావించి కిటికీ ఎక్కింది.

"మునిగింది," అంది ఎనిడ్.

"మునిగితే ఏమవుతుంది?"

"నాకేం తెలుసు?"

"నాకూ తెలీదు," అన్నారు విడోసన్ గారు దిగులుగా. "ఎవరైనా నదిలో వేసి చూస్తే బావుణ్ణు. సరే, ఇంకో వారం ఆలోచిస్తాను."

ఆ ఆదివారం ఎనిడ్, కేవలం ఆ ముసలాయన నోరు మూయించాలన్న పట్టుదలతో, రాల్ఫ్ పాత రీలు తీసుకుని నదికి వెళ్ళింది. మునిగిన దారం నీళ్ళలో వంపు తిరిగి బెండును పక్కకి ఈడ్చింది. పైకెత్తి సరిచేద్దామంటే బరువెక్కి లేవలేదు. ఆమె మోకాళ్ళదాకా తడిసి, జలుబు తెచ్చుకుని, శనివారం కోసం కాచుక్కూచుంది.

"మునిగితే బెండు ఆగిపోతుంది!" ఆయన టోపీ తీయకముందే అరిచింది. "ఎగువకి ఎత్తి వెయ్యడం కుదరదు!"

"అమ్మయ్య, పెద్ద సందేహం తీర్చావు," అన్నారాయన మేజోడు విప్పుతూ. "మరి ఈ సన్నది ఎందుకు పనికిరాదంటావు?"

ఇలా వారానికో ప్రశ్న. ఒకసారి దారాన్ని టీ కూజాకి చుట్టి విప్పించారు, పాత చుట్టల వంపు మర్చిపోతుందో లేదో చూద్దామని. ఒకటి మర్చిపోయింది, ఒకటి మర్చిపోలేదు, మూడోది కూజా మూతతో సహా కిందికొచ్చింది. ఒకసారి తలుపు గడియకి కట్టి, తడిపి, లాగి, ముడి దగ్గర తెగుతుందా మధ్యలో తెగుతుందా అని పందెం వేశారు. ఆ సమయంలోనే పోస్టుమాన్ తలుపు తోసుకుని వచ్చాడు. ఆ ప్రయోగ ఫలితం లోకానికి దక్కలేదు.

"విడోసన్ గారూ, మీ వయసెంత?"

"డెబ్బై నాలుగు."

"మీరు దారం కొనేసరికి చేపలు ముసలైపోతాయి."

"అందుకే తల్లీ తొందరపడనిది. వాటినే తొందరపడనీ."

కొట్టులో ఇంకెవరైనా ఉంటే ఆయన అజ్ఞానం రెట్టింపయ్యేది. ఎవరో దారం అడగడానికి నోరు తెరిస్తే చాలు, పక్కనుంచి, "గాలి ఎదురుగా ఉన్నప్పుడు ఎంత లావుది వాడాలో ఈవిడని అడగండి, నాకెన్నిసార్లు చెప్పినా ఎక్కదు," అనేవారు. ఆయన మీద కసికొద్దీ ఎనిడ్ టకటకా చెప్పేది. విన్నవాడు కొనుక్కుపోయేవాడు. విడోసన్ గారు మాత్రం ఇంకో వారం ఆలోచించేవారు.

రెండో ఏడు అక్టోబరులో అసలు గండం వచ్చింది. ఆ నీళ్ళలో గాలం వెయ్యాలంటే క్లబ్బు చీటీ ఉండాలి. చీట్లు అమ్మే హక్కు మొదటినుంచీ టాగ్ కొట్టుదే. చీటీకి వచ్చినవాడు పురుగులూ కొంటాడు, కొక్కేలూ కొంటాడు. చీటీ పోతే కొట్టూ పోతుంది. కొత్త సంవత్సరం నుంచి చీట్లు హైవే పక్కన వెలిసిన పెద్ద షాపుకి ఇచ్చేద్దామని ప్రీస్ట్‌నాల్ కమిటీలో లేచి అన్నాడు. "దారం తెలియనివాళ్ళ చేతిలో నది పెట్టకూడదు" అన్నది ఆయన వాదన. పోయిన చబ్ బరువు ఆయన నోట్లో ఏటికేడాది పెరుగుతూనే ఉంది. అయినా న్యాయంగా ఉండాలి కదా అని, ఆఖరిసారి పరీక్షించడానికి శనివారం స్వయంగా వచ్చాడు.

విడోసన్ గారు అప్పటికే ఒక మూల కూర్చుని ఒక దారపు చుట్టను వాసన చూస్తున్నారు.

ప్రీస్ట్‌నాల్ రీలు బల్లమీద పెట్టాడు. "ఎనిడ్ గారూ, అప్పుడిచ్చిన దారమే ఇవ్వండి. అన్నిట్లోకీ సన్నది. అంచుదాకా నింపండి."

అమ్మితే బేరం. ఎనిడ్ చేతులు తుడుచుకుంది.

"ఇవ్వను."

"ఇవ్వరా?"

"ఇవ్వను. మీరు పట్టేది పాత కట్ట కింద, అవునా? అక్కడ గాలెప్పుడూ పక్కనుంచి కొడుతుంది. సన్నది వెనక్కి దూరుతుంది. చబ్ కోసమైతే నాలుగు పౌన్ల బరువు ఆగేది, మెత్తనిది, తేలేది. ఇదిగో ఇది."

"సరే, అంచుదాకా..."

"అంచుదాకా కూడా పొయ్యను. ఇదేం పాలకూజా కాదు. దారం ఎక్కువైతే చేప లాగినప్పుడు పైచుట్ట కిందిచుట్టలో దిగబడి ఇరుక్కుంటుంది. మీ బెండు ఎంత దూరం పోనిస్తారో దానికి రెండింతలుంటే చాలు. బిగించి చుడతాను. ఇలా ఇవ్వండి."

ప్రీస్ట్‌నాల్ ఆమె చుట్టడం చూశాడు. తర్వాత మూలకి తిరిగాడు. "క్లారెన్స్, నువ్వేమంటావు?"

"నన్నడుగుతావేంటయ్యా," అన్నారు విడోసన్ గారు బిత్తరపోయి. "నేనింకా ఎంచుకోనేలేదు."

ప్రీస్ట్‌నాల్‌కి ఎందుకో పెద్ద దగ్గొచ్చింది. రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు.

సోమవారం సాయంత్రం ఆయన మళ్ళీ వచ్చాడు. బూట్లనిండా బురద, మొహంనిండా వెలుగు. కొత్త సంవత్సరపు చీట్ల కట్ట బల్లమీద పెట్టి, "అప్పుడు పోయిన చబ్‌కి అన్న పడింది," అని మాత్రం చెప్పి, చేతులు రెండూ చాచి ఎంతుందో చూపించి, మళ్ళీ ఊరంతటికీ చెప్పడానికి వెళ్ళాడు.

ఎనిడ్ ఇంకా ఆ కట్టనే చూస్తుండగా డోర్కస్ విడోసన్ సంచీతో లోపలికొచ్చింది. ఆమె క్లారెన్స్ గారి భార్య, ఊళ్ళో ఓపికకి పేరుపడిన మనిషి. ఆ రోజు ఓపిక ఇంట్లో పెట్టి వచ్చింది.

"అమ్మాయ్ ఎనిడ్, చీట్లు దక్కాయటగా? దేవుడి దయ. ఇక నా కుర్చీలు వదిలెయ్యమని మీ శిష్యుడికి చెప్పు!"

"కుర్చీలేంటి పిన్నిగారూ?"

"ఏం కుర్చీలా? నా వంటింటి కుర్చీలు! ప్రతి శనివారం పొద్దున్న ఆ రీలుకున్న దారమంతా విప్పి కుర్చీలకి చుడతాడు. నేను నుంచుని రొట్టె తినాలి. ఖాళీ రీలు మేజోట్లో వేసుకుని మీ కొట్టుకొస్తాడు. మధ్యాహ్నం మళ్ళీ చుడతాడు. సోమవారం పొద్దున్నే నదికి పోతాడు. నలభై ఏళ్ళ బట్టీ ఒక్కటే రకం దారం, మీ రాల్ఫ్ ఇచ్చేదే. పోయినేడు పాతబడితే నన్ను పంపించాడు. గోడకి పటాలు తగిలించుకోవడానికని అబద్ధమాడి మీ దగ్గరే కొన్నాను, గుర్తుందా?"

ఎనిడ్‌కి గుర్తుంది. పటాలకి నాలుగు పౌన్లది ఆగదని హెచ్చరించింది కూడా.

"ఎందుకిదంతా అంటే చెప్పడు," డోర్కస్ సంచీ చంక మార్చుకుంది. "మొదట్లో ఒకసారి మాత్రం అన్నాడు. 'ఆ అమ్మాయికి చెప్తే చీపురు తీస్తుంది డోర్కస్, అడిగితే ఆలోచిస్తుంది' అని. అంతే. ప్రీస్ట్‌నాల్‌తో సహా ఈ ఊళ్ళో సగంమందికి సెంటర్‌పిన్ నేర్పింది ఆయనే, తెలుసా? వాళ్ళకి మాత్రం తిట్టి నేర్పాడు."

ఆమె వెళ్ళాక ఎనిడ్ చాలాసేపు టీ కూజా వంక చూస్తూ కూర్చుంది. మొదట కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. నవ్వు ఎక్కువసేపు ఉంది. లేచి అటకెక్కి, పాత పెట్టెల వెనకనుంచి ఒక చెక్క చట్రం దించి దుమ్ము దులిపింది. గాలాలకి పట్టుదారాలు వాడే కాలంలో తడిసిన దారాన్ని దానికి చుట్టి ఆరబెట్టుకునేవారు. పిడి తిప్పితే గిర్రున తిరుగుతుంది.

శనివారం మేజోడు బల్లమీదకి వచ్చింది. రీలు మేజోట్లోంచి వచ్చింది. టోపీ దిగింది.

"ఏం తల్లీ, దీనికో దారం..."

ఎనిడ్ ఆ చట్రాన్ని రీలు పక్కన పెట్టింది. "డోర్కస్ పిన్నిగారికి నా తరఫున ఇవ్వండి. శనివారాలు కూర్చుని రొట్టె తింటారు."

విడోసన్ గారి చెవులు మొదట ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు నెమ్మదిగా మెడమీదికి, అక్కణ్ణించి బట్టతల మీదికి పాకింది. కిటికీలోంచి బిషప్ కూడా ఆసక్తిగా చూసింది. ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. పిడి పట్టుకుని ఒకసారి తిప్పారు. చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. గోటితో చెక్కను గీకి, వాసన చూసి, వెలుతురు వైపు ఎత్తి పట్టుకున్నారు.

"బావుంది తల్లీ," అన్నారు చివరికి గంభీరంగా. "ఇది ఏ కర్రంటావు?"

"బీచ్ చెట్టుది."

"తడి తగిలితే వంగుతుందా?"

ఎనిడ్ పొయ్యిమీద టీకి నీళ్ళు పెట్టి, తన కుర్చీని బల్ల దగ్గరకి లాక్కుంది.