రవ్వ ఒడ్డుకు వచ్చేదాకా

గాలానికి పడ్డ చేపల్లో అన్నిటికంటే గట్టిగా కొట్లాడేది ఏది? మా ఇంట్లో ప్రతి ఆదివారం ఇదే వాదన. మా ఆయన కొర్రమట్ట అంటాడు. మేడ్చల్‌లో ఆయనతో పాటు ఒకే కంపెనీలో పనిచేసే దోస్తు రవ్వ అంటాడు. ఆ దోస్తుది గౌడవెల్లి. ఇద్దరూ అల్వాల్‌లోని మా ఇంటి ముందర గాలం కట్టెలు బండికి కట్టుకుంటూ మాట మొదలుపెట్టేవాళ్లు. సాయంత్రం తిరిగొచ్చి చాయ్ తాగేటప్పటికి కూడా అది తెగేది కాదు. నాకు ఆ గొడవ పట్టేది కాదు.

నేను ఇంటి ముందు గదిలో బ్లౌజులు కుడతాను. రెండేళ్ల కిందటి వానాకాలంలో లైనింగ్ గుడ్డ కోసం సూరారం వైపు స్కూటీ మీద వెళ్తూ, నీళ్ల కింద గుంత కనపడక పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. కట్టు విప్పాక చూస్తే ఆ చేతిలో బలమే లేదు. కత్తెర పడితే కాస్త కోయగానే వేళ్లు వదిలేసేవి. తడి చీర పిండలేకపోయేదాన్ని. డాక్టరు మెత్తటి బంతి ఒకటి ఇచ్చి రోజూ నొక్కమన్నాడు. టీవీ ముందు కూర్చుని నొక్కీ నొక్కీ, చివరికి ఆ బంతి మొహం చూస్తేనే కోపమొచ్చేది.

ఒక ఆదివారం నేనూ వస్తానన్నాను. శామీర్‌పేట దాటి లోపలికి పోతే ఒక కుంట ఉంది. అందులో చేపలు పెంచేవాళ్లు టికెట్ డబ్బులు తీసుకుని గాలం వేసుకోనిస్తారు. మా ఆయన కాసేపు పట్టుకొమ్మని తన కట్టె నా చేతికిచ్చి చాయ్ కోసం పోయాడు. నాచు పక్కన నీళ్లు ఒక్కసారిగా భళ్లుమన్నాయి. ఏం జరిగిందో తెలిసేలోపే కట్టె నా చేతిలోంచి పోయి నీళ్ల మీద జారుతోంది. దోస్తు మోకాళ్ల దాకా దిగి దాన్ని తెచ్చాడు. దారం తెగి ఉంది. అప్పుడే వచ్చిన మా ఆయన, అది కచ్చితంగా కొర్రమట్టే అన్నాడు, తన మాట గెలిచినట్టు కొంచెం గర్వంగానే. తర్వాత మెల్లగా, ఇది నీ వల్ల కాదు, ఆ చెయ్యిని ఇంకా పాడు చేసుకోకు అన్నాడు.

నా మంచికే అన్నాడు. కానీ నా వేళ్లు నన్ను అడగకుండానే తెరుచుకున్నాయి. అది నేను మర్చిపోలేకపోయాను. డాక్టరుని అడిగితే, ఓర్చుకోగలిగినంత వరకు పట్టుకో, వాడితేనే చెయ్యి బాగుపడుతుంది అన్నాడు. మరుసటి ఆదివారం వాళ్లిద్దరికంటే ముందే బండి దగ్గర నిలబడ్డాను.

ఆ చలికాలమంతా పోయాను. చిన్న చిన్న జెల్లలతో మొదలుపెట్టాను. తర్వాత బొచ్చె పడింది. అది బియ్యం బస్తాని నీళ్లలో ఈడ్చినట్టు ఉంటుంది. కాసేపు మొండికేస్తుంది గానీ, తల పైకి తేలిందంటే ఇక వచ్చేస్తుంది. కొర్రమట్టది మొదటి గుంజుడే గుంజుడు. దాన్ని ఓర్చుకునే దాకా వచ్చింది నా చెయ్యి. రవ్వ మాత్రం నాకు పడలేదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం పొద్దున పడింది. తవుడు, పల్లిచెక్క కలిపిన ముద్ద పెట్టి వేశాను. దారానికి కట్టిన బెండు మునిగింది. రీలు గిర్రున తిరిగి దారం కుంట నడిమి దాకా పోయింది. ఎడమ చేత్తో చుట్టుకుంటూ వస్తే మెత్తగా వచ్చింది. ఒడ్డు దగ్గర వీపు కనపడగానే అయిపోయిందనుకున్నాను.

"దగ్గరికొచ్చిందని ఖుషీ గాకు వదినా," అన్నాడు దోస్తు. "అది రవ్వ. నిన్ను జూసినంకనే అసలు ఉరుకుడు ఉరుకుతది."

అన్నట్టే ఉరికింది. చుట్టిన దారమంతా తీసుకుపోయింది. మళ్లీ తెచ్చాను, మళ్లీ పోయింది. ప్లేటు ఉన్నచోట మొదలైన నొప్పి మోచేతి దాకా పాకింది. కట్టె మొదలు పొట్టకి ఆనించుకుని నిలబడ్డాను. మా ఆయన పక్కకొచ్చి చెయ్యి చాపాడు.

"ఇటియ్యి. నీ చెయ్యి వణుకుతాంది."

"వణకనీ. నేనే తెస్త."

"ఆపరేషన్ అయిన చెయ్యి అది."

"నాకెర్కే. నువ్వు వల వట్టుకొని నీళ్లల్ల దిగు."

నా మొహం చూసి, ప్యాంటు మడిచి దిగాడు.

చేప ఈసారి తుంగ వైపు తిరిగింది. అందులో దూరితే దారం తెగుతుంది. కట్టెను నీళ్ల మీదికి వంచి, ఒడ్డు వెంట దానికి ఎదురు దిక్కున నడిచాను. వేళ్లు విడిపోవడం మొదలైంది. చుట్టడం ఆపి, కుడి చేతి మీద ఎడమ చెయ్యి వేసి బిగించాను. లాగలేదు, వదల్లేదు, అలాగే ఉన్నాను. ఎంతసేపో తెలియదు గానీ, దారం కొంచెం తేలికైంది. చేప పక్కకి తిరిగింది. మా ఆయన దాని కిందికి వల జార్చాడు.

పైకి తీస్తే నేననుకున్నంత పెద్దది కాదు. దోస్తు నవ్వి, ఇప్పుడు చెప్పు ఏది గట్టిదో అని మా ఆయన్ని అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు, ఈ కుంటలో పెద్ద కొర్రమట్టలు లేవన్నాడు. నేను బురదలోనే కూలబడ్డాను.

"రవ్వనే," అన్నాను. "కొర్రమట్ట ఒక్కపారి కొడ్తది. గిది అయిపోయిందనుకున్నంక మళ్ల మొదలువెడ్తది."

ఇప్పుడు బ్లౌజులు మళ్లీ నేనే కత్తిరిస్తాను. మందం గుడ్డయితే మధ్యలో ఆగి వేళ్లు సాగదీసుకుంటాను. వాన పట్టే ముందు మణికట్టు లోపల సలుపుతుంది. కొంతే తిరిగొచ్చింది, ఆ కొంతతోనే పని నడుస్తోంది.

రవ్వ పడిన ఆ ఆదివారం రాత్రి మాత్రం మణికట్టు వాచింది. మా ఆయన ఐసు గడ్డ గుడ్డలో చుట్టి నా చేతికి కట్టి, చేపని తనే కడిగి, తనే వండాడు. పులుసులో చింతపండు ఎక్కువైంది. నేను ఎడమ చేత్తో స్పూను పట్టుకుని ముళ్లు ఏరుకుంటూ తిన్నాను. బాగుందా అని అడిగాడు. ఇంకో ముక్క వెయ్యమన్నాను.