పొగగొట్టంలో గుడ్డ

ఈ ఉదయం పూజ ముగించుకొని చీపురుపల్లి బస్సెక్కి మా చెల్లెలు సత్యవతి ఇంటికి వెళ్లాను. వంటపొగకి దాని కళ్లు పాడవుతున్నాయని నిరుడు సమితి ఆఫీసు చుట్టూ తిరిగి పొగలేని పొయ్యి కట్టించింది నేనే. వెళ్లేసరికి వంటిల్లంతా పొగ. పొయ్యి చూడవచ్చిన గ్రామసేవిక గొట్టంలోంచి పాతగుడ్డ లాగుతోంది.

“గొట్టం మూసేశారేమిటమ్మా?” అని సేవిక అడిగింది.

“మరేటి సెయ్యమంటావు? పైన వాసాలకి సోడి ఇత్తనాలు కట్టేను. పొగ తగల్లేదంటే పురుగు పట్టేస్తాది. నా కళ్లు సూసుకుంటే వచ్చే ఏడు నారుమడిలో ఏటి సల్లాలి?” అంది సత్యవతి, పైనున్న రాగి విత్తనాలు చూపిస్తూ.

“వేపాకు వేసి కుండలో దాచుకోవచ్చు కదా?”

“నువ్వెప్పుడైనా దాసేవా, తల్లీ?”

ఆ పిల్ల ‘పొయ్యి బాగుంది’ అని పుస్తకంలో రాసుకొని వెళ్లిపోయింది. సత్యవతి కళ్లు తుడుచుకుంటూ గుడ్డ మళ్లీ దోపింది. కసరడానికి నాకు ఓపిక లేకపోయింది. దాని చూపూ నిలవాలి, విత్తనమూ నిలవాలి అని దేవుడికి దణ్ణం పెట్టుకొని వచ్చేశాను.

పొగ పెట్టకుండా చోడి విత్తనం నిలవ చేసినవారు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి. సత్యవతి వినేది నా మాట కాదు, పండించినవారి మాట.