మందపాటి గుడ్డ మీద చూడలేదు

నూనెబుడ్డి బాబాయ్‌కి ఒంట్లో ఏ నొప్పి వచ్చినా కారణం తనకే ముందు తెలిసిపోతుంది. ముప్ఫై ఏళ్లుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు మరి. మెడ నొప్పి అంటే వంగి సూది చూడడం వల్ల. మోకాలు నొప్పి అంటే మిషను ముందు గొంతుక్కూర్చోవడం వల్ల. చొక్కా జేబులోంచి నూనెబుడ్డి మూతి ఎప్పుడూ తొంగిచూస్తుంటుంది కాబట్టి దర్జీలందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఈమధ్య ఆ బుడ్డి పక్కకి గ్యాస్ బిళ్లల అట్ట కూడా వచ్చి చేరింది.

రొమ్ము మధ్యలో బరువుగా పట్టేసే నొప్పికి ఆయన దగ్గర రెండు కారణాలున్నాయి. తిన్నాక వస్తే గ్యాస్. దర్జీల కొట్లున్న మేడ మెట్లెక్కుతుంటే వస్తే, మిషను ఇనప తలకాయని గుండెలకి ఆనించుకుని మోశాడు కాబట్టి కండ పట్టేసింది. వట్టి చేతులతో ఎక్కినప్పుడు కూడా వచ్చింది. దానికి మాత్రం కారణం దొరక్క, ఆ సంగతి భార్యకి చెప్పలేదు.

చెప్పకపోయినా ఆవిడకి తెలిసింది.

"రెండో అంతస్తు దగ్గర ఆగి గోడమీద కాగితాలు చదువుతున్నారట. చదువు మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టింది?"

"ఎవరన్నారు?"

"మీ దర్జీలే. అద్దె ఇంటి ప్రకటన వచ్చినప్పుడల్లా చదువుతున్నాడు, ఇల్లు మారుతున్నారా పిన్నీ అని అడిగారు."

మర్నాడు పొద్దున్నే ఆయన్ని డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టింది.

"నొక్కితే నొప్పి ఉందా? గట్టిగా ఊపిరి పీలిస్తే?" అడిగింది డాక్టరమ్మ.

"నొక్కితే ఉందమ్మా," అన్నాడు, బొటనవేలు గుచ్చి మరీ నొక్కుకుంటూ. "తిన్నాక కాస్త మంట."

"నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు?"

"అబ్బే."

భార్య నోరు తెరవబోయింది. ఆయన బల్లకింద ఆవిడ కాలు తొక్కాడు.

"ఊరికే తొక్కుతారేమిటండీ, నా కాలేమన్నా మిషనా?" అంది ఆవిడ, గది అంతా వినపడేలా.

డాక్టరమ్మ నవ్వాపుకుని ఈసీజీ తీయించింది. గీతలన్నీ సవ్యంగానే వచ్చాయి. ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా చొక్కా తొడుక్కోబోయాడు.

"ఆగండి బాబాయ్," అంది డాక్టరమ్మ. "కండ పట్టినా, కడుపులో పులుపు పైకి తన్నినా, గుండెకి రక్తం చాలకపోయినా నొప్పి ఈ రొమ్ములోనే. ఇది పడుకోబెట్టి తీసిన ఈసీజీ. ఈ నిమిషం గుండె ఎలా ఉందో చెబుతుంది, అంతే. పనిచేస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి అయితే మీరే చెప్పాలి."

చెబితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. మెట్లెక్కొద్దంటారు, మిషను మోయొద్దంటారు. ఆ పని లేకపోతే తననెవరు పిలుస్తారు?

పాత మిషను అమ్మేవాళ్లు గుర్తొచ్చారు. చక్రం ఖాళీగా తిప్పి, చూడండి ఎంత మెత్తగా పోతోందో అంటారు. తను ఒక్క మాటా నమ్మడు. సూది కింద మందపాటి గుడ్డ నాలుగు మడతలు పెట్టి తొక్కమంటాడు. అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి.

ఆయనకి తనమీద తనకే నవ్వొచ్చింది.

"డాక్టరమ్మా, నన్ను ఖాళీగా తిప్పి చూశారు. మందపాటి గుడ్డ మీద చూడలేదు." చొక్కా ఒళ్లో పెట్టుకున్నాడు. "ఉత్త చేతులతో మెట్లెక్కినా వస్తోందమ్మా. ఎడమ దవడ దాకా లాగుతుంది. ఆగితే అయిదు నిమిషాల్లో పోతుంది. రెండు నెలలైంది."

"దవడ సంగతి నాకు చెప్పలేదే," అంది భార్య మెల్లిగా.

"గోల చేస్తావని."

"చేస్తాను. ఇంటికి పదండి."

డాక్టరమ్మ మందులు రాసింది, నడిపించి చూసే పరీక్షకి పెద్దాసుపత్రికి చీటీ ఇచ్చింది. "పరీక్ష అయ్యేదాకా మెట్లు, మోత వద్దు. ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, తగ్గకపోయినా, చెమటలు పట్టినా వెంటనే అంబులెన్స్. గ్యాస్ బిళ్ల వేసుకుని చూద్దాంలే అనుకోకండి."

రెండోరోజు పెద్దాసుపత్రిలో ఆయన ఒంటినిండా వైర్లతో ట్రెడ్‌మిల్ ఎక్కాడు. కాళ్లకింద పట్టా వేగం పెరిగింది. నాలుగో నిమిషంలో బరువు మొదలైంది. పళ్లు బిగించి ఇంకాస్త నడిచేద్దామనిపించింది. అద్దం అవతల భార్య, ఆయన చొక్కా చేతిమీద వేసుకుని, రెప్ప వేయకుండా చూస్తోంది.

పక్కనున్న నర్సుకి చెయ్యెత్తి చూపాడు. "వచ్చిందమ్మా. ఆపండి."

పెద్ద డాక్టరు కాగితం చూసి, రక్తనాళం ఒకటి సన్నబడి ఉండొచ్చు, లోపలికి చూసి సరిచేద్దాం అన్నాడు. బాబాయ్ ఒకటే అడిగాడు. "పని మానెయ్యాలాండీ?"

"పని చేసుకోవచ్చు. మోత మాత్రం మానాలి."

బయటికొచ్చాక భార్య చొక్కా అందించింది.

"మిషన్లు మెట్లు దిగొస్తాయి లెండి," అంది. "ముప్ఫై ఏళ్లు మీరు ఎక్కారు. ఆ దర్జీలనీ కొన్నాళ్లు దిగనివ్వండి."